చూడని పది నిమిషాలు

మూకీ సినిమాల మీద వైదేహికి ప్రేమ పుట్టడానికి కారణం వాళ్ళ అత్తగారి చెవులు.

రేపల్లెలో అత్తవారిది పాత ఇల్లు. కొత్త దంపతులకిచ్చిన గదికీ, అత్తగారు పడుకునే హాలుకీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకలు. పెళ్ళయిన వారంలోనే భరద్వాజ తన ఫోనులో ఒక హాస్య సినిమా పెడితే, వీళ్ళిద్దరూ నవ్వేలోపే పలకల అవతల అత్తగారు పకపకా నవ్వి, "ఆ ముక్క మళ్ళీ పెట్టరా అబ్బాయ్, సరిగ్గా వినపళ్ళేదు" అంది. వైదేహి దిండులో మొహం దాచుకుంది. మర్నాడు అతను ఎక్కడో వెతికి మాటల్లేని సినిమా పట్టుకొచ్చాడు. వందేళ్ళ నాటిది, ఏ దేశానిదో. మధ్యమధ్య తెరమీద ఇంగ్లీషులో రాతలు వచ్చేవి. ఆమె చదివింది ఎం.ఏ. ఇంగ్లీషు, అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. అయినా ఆ రాతల్ని అతనే ఆమె చెవిలో గుసగుసగా చదివేవాడు, ఆమె వినేది. అలాగైతేనే బాగుండేది మరి.

ఇంతలో ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదని, కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదని, తల్లి ఆదిలక్ష్మి వచ్చి కూతుర్ని తెనాలి తీసుకెళ్ళిపోయింది. తెనాలికీ రేపల్లెకీ మధ్య ఎంత దూరం గనక. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తినడం పూర్తయ్యేలోపు ఊరు వచ్చేస్తుంది. ఆ నెల మాత్రం అది సముద్రమంత దూరమైంది.

ఆ దూరానికి కూడా మూకీ సినిమాలే మందు వేశాయి. సాయంత్రం డాబా మీద ఆమె, కాలేజీ నుంచి వచ్చి అతను, ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్ళు కూర్చుని, చెవిలో ఫోను పెట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అనుకుని ఒకేసారి సినిమా మొదలుపెట్టేవాళ్ళు. ఎంత మాట్లాడుకున్నా ఒక్క డైలాగు పోదు. ఇంత తెలివైన ఏర్పాటు లోకంలో ఏ జంటకీ తట్టి ఉండదని వైదేహికి మహా గర్వం.

అన్నిట్లోకీ వాళ్ళకి నచ్చింది ఒక పడవవాడి భార్య కథ. పెనిమిటి తుఫానులో సముద్రం మీదికి వెళ్ళి రాడు. ఆమె లాంతరు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉంటుంది. అంతటితో అయిపోతుంది. అది చూసి వైదేహి ఫోనులోనే ఏడ్చింది, అతను ఫోనులోనే ఊరుకోబెట్టాడు. ఆ ఏడుపూ ఓదార్పూ కూడా ఇద్దరికీ తియ్యగానే ఉన్నాయి. కాని ఆ సినిమా చూడటం మాత్రం కళ్ళకి శిక్ష. మనుషులు చీమలు కుట్టినట్టు పరుగులు పెడతారు. మొహాలు పిండి పులుముకున్నట్టు తెల్లగా పాలిపోయి ఉంటాయి. నిలబడ్డ మనిషికి తల నుదురు దాకా తెర అంచున తెగిపోయి ఉంటుంది. ఎవడో పుణ్యాత్ముడు దానికి కీబోర్డు సంగీతం అతికించాడు, తుఫాను వచ్చేచోట పెళ్ళి బాజాలా మోగుతుంది. ఇంతకన్నా మంచి కాపీ ఎక్కడైనా ఉందా అని వైదేహి నెట్టంతా గాలించింది. దొరికిన ప్రతిదీ ముందుదానికంటే అధ్వాన్నం. చివరికి పాత సినిమాల గ్రూపు ఒకదానిలో తన బాధ రాసుకుంది. దాని కింద బాపట్ల నుంచి ఒకాయన జవాబు పెట్టాడు: "మీరు చూసింది సినిమా కాదమ్మా, దాని ఎముకలు."

ఆయన పేరు వెంకటరత్నం. ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. ఫోను చేస్తే ఆయన మాటలకి అడ్డూ ఆపూ లేకపోయింది. మూకీ సినిమాకి ఒక వేగం ఉంటుందని, దాన్ని ఇప్పటి వేగంతో తిప్పితే మనుషులు కోతులవుతారని, రాత్రి సీనుకి నీలం, దీపం సీనుకి పసుపు రంగు ఆ రోజుల్లోనే అద్దేవాళ్ళని, మంచి ఎడిషను అంటే ఏ కాపీ నుంచి తీశారో, ఎవరు శుభ్రం చేశారో, ఎక్కడి ముక్క ఎక్కడ కలిపారో చెప్పుకునేదని, తన దగ్గర అటువంటి డిస్కులు బీరువానిండా ఉన్నాయని, ఆ పడవవాడి భార్య కూడా ఉందని చెప్పాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించాడు. కంటి నరం ఎండిపోతోందిట. గుంటూరు డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడట.

"ఇవి ఎవరికో ఒకరికి అప్పజెప్పాలమ్మా. పిల్లలకి వీటిమీద సరదా లేదు. అడిగినవాళ్ళు ఉత్తపుణ్యానికి అడుగుతారు. కాపీ ఎలాంటిదని అడిగింది నువ్వొక్కదానివే. మీ ఇద్దరూ ఒకసారి వచ్చి, నా గదిలో కూర్చుని ఒకటి చూడండి. చూసేవాళ్ళని చూసి గానీ ఇవ్వను" అన్నాడు.

అంత మాట విన్నాక ఎవరికైనా ముందు ఆయన కళ్ళు గుర్తుకొస్తాయి. వైదేహికి ముందు గుర్తొచ్చింది బాపట్ల. బాపట్లలో పుట్టిల్లూ లేదు, అత్తిల్లూ లేదు. ఆషాఢం గడపల లెక్క అక్కడ పనిచెయ్యదు. భరద్వాజకి ఈ సంగతి చెబితే, అతను లెక్కల మాస్టారుగా దాన్ని వెంటనే నిరూపించి పెట్టాడు.

అమ్మతో మాత్రం, కాలేజీ స్నేహితురాలు క్రిస్టినాది బాపట్ల కదా, పెళ్ళికి రాలేకపోయింది కదా, ఒకసారి చూసొస్తానని చెప్పింది. అబద్ధం ఇంత నున్నగా నోట్లోంచి జారుతుందని ఆమెకి అంతకుముందు తెలియదు.

ఆదివారం ఆమె తెనాలి నుంచి రైల్లో, అతను రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బస్సులో, ఇద్దరూ బాపట్ల చేరారు. స్టేషను బయట ఒకరినొకరు చూసుకుని నవ్వుతూ నిలబడిపోయారు. అతను చొక్కాకి గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకొచ్చాడు. ఆ గుండీ చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

వెంకటరత్నం మాస్టారు వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముందుగదిలో కిటికీలన్నిటికీ మందపాటి దుప్పట్లు మేకులు కొట్టి కట్టాడు. గోడకి ఇస్త్రీ చేసిన తెల్లపంచె బిగించాడు. సముద్రపు తేమకి బూజు పట్టకుండా డిస్కుని మెత్తటి బట్టతో ఎంత సుతారంగా తుడిచాడో, పసిపాపకి కాటుక పెట్టే తల్లిలా ఉన్నాడు. ఆయన భార్య దుర్గాంబ వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి, "రామ్మా, రా నాయనా, గారెలకి పిండి రుబ్బుతున్నా" అని మళ్ళీ లోపలికి పోయింది. ఫ్యాను తిరిగితే తెర కదులుతుందని మాస్టారు ఫ్యాను ఆపేశాడు. తనకి కాస్తయినా కనపడాలని కుర్చీ తెర దగ్గరకి లాక్కుని, వీళ్ళిద్దరికీ వెనక చాప వేశాడు.

దీపం ఆరిపోయింది. తెర వెలిగింది.

మొదట్లో నిజంగానే చూశారు. అబ్బ, ఎంత తేడా! పరుగులు లేవు, మనుషులు మనుషుల్లాగే నడుస్తున్నారు. సముద్రం ఒక్కొక్క అలగా విడివిడిగా కనిపిస్తోంది. పడవవాడి భార్య బుగ్గమీద పుట్టుమచ్చ ఉందని వాళ్ళకి అప్పుడే తెలిసింది. కాని ఇరవై రోజులుగా గొంతు మాత్రమే విన్న మనిషి భుజానికి భుజం తగిలేంత దగ్గరలో కూర్చుని ఉంటే, పుట్టుమచ్చ ఎంతసేపని పట్టుకుంటుంది? ముందు చెయ్యి చేతికి తగిలింది. తర్వాత అతను ఆమె అరచెయ్యి తెర వెలుగులోకి తిప్పి గోరింటాకు చూశాడు. ఎంత ఎర్రగా పండిందో అంటే, అది ఎవరి గొప్పో తేల్చుకోవడానికి గుసగుసలు మొదలయ్యాయి. ఇంతలో మెడ వెనక చల్లటి గాలి వీచింది. ఆ ఉక్కలో ఆ గాలి ప్రాణానికి హాయిగా తగిలింది. దేవుడే మన పక్షం అని ఆమె అతని చెవిలో అంది.

ముందు కుర్చీలోంచి మాస్టారు వెనక్కి తిరగకుండానే ఒకసారి, "చూశారా?" అన్నాడు.

"ఆఁ, చూశాం మాస్టారూ. అద్భుతం" అంది వైదేహి, భర్త గోళ్ళ మీద తన వేలితో గీతలు గీస్తూ.

సినిమా అయిపోయింది, దీపం వెలిగింది, గారెలు వచ్చాయి. దుర్గాంబ వడ్డిస్తోంది. మాస్టారు గారె ముట్టుకోలేదు. పెళ్ళిచూపుల్లో కూతురి తండ్రిలా ముందుకి వంగి కూర్చుని, "చివర్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

వైదేహికి ఆ ప్రశ్న తేలిగ్గా అనిపించింది. ఈ సినిమా మీద ఆమె ఫోనులో ఎన్నిసార్లు ఏడ్చిందని!

"ఆ లాంతరుతో ఒంటరిగా ఒడ్డున నిలబడి ఉండగానే ఆపెయ్యడం చూశారా మాస్టారూ, గుండె పిండేసింది. ఇంకొక్క ముక్క చూపించినా పాడైపోయేది" అంది.

భరద్వాజ అవునన్నట్టు తలూపాడు. మాస్టారి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. దుర్గాంబ చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగి, "ఇంకో గారె వేసుకో అమ్మాయ్" అన్న మాటతో కదిలింది. ఎక్కడో ఏదో తప్పిందని వైదేహికి తెలిసింది గాని, ఏం తప్పిందో అందలేదు. ఆ తర్వాత మాటలు వానల మీదికీ, బస్సుల మీదికీ పోయాయి. బల్లమీద డిస్కు పెట్టె ఉంది. దానిగురించి మాస్టారు ఎత్తలేదు. లేచి వచ్చేస్తుండగా భరద్వాజే పాపం ఏమీ తెలియక, "మాస్టారూ, అది మేం తీసుకెళ్ళొచ్చా?" అని అడిగాడు. ఆయన దాన్ని రెండు చేతులతో తీసి అతని చేతిలో పెట్టాడు. జాగ్రత్త అని కూడా అనలేదు.

భరద్వాజని బస్సెక్కించి, డిస్కు తన సంచిలో పెట్టుకుని వైదేహి రైలెక్కింది. అప్పికట్ల దాటింది. కిటికీలోంచి గాలి వచ్చి మెడకి తగిలింది. అప్పుడు తట్టిందామెకి. ఆ గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఫ్యాను ఆపి ఉంది. మరి గాలి ఎక్కడిది?

దీపం వేసినప్పుడు దుర్గాంబ వంటింట్లోంచి రాలేదు. వాళ్ళ వెనకనుంచి లేచింది. లేచి, చేతిలోని విసనకర్ర తలుపు వెనక మేకుకి తగిలించి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళింది. వైదేహి అది కళ్ళారా చూసింది, చూసి కూడా పట్టించుకోలేదు. అంటే సినిమా అంతా ఆవిడ వాళ్ళ వీపు వెనక కూర్చుని, ఉక్కపోస్తోంది పిల్లలకని విసురుతూనే ఉంది. అరచెయ్యి తిప్పడం, గుసగుసలు, గోళ్ళ మీద గీతలు, దేవుడు మన పక్షం అన్న మాట, అన్నీ విసనకర్ర పట్టుకుని చూసింది.

నిడుబ్రోలులో ఎక్కిన ఒకావిడ, ఒంట్లో బాగాలేదా అమ్మా, మొహం అలా ఉంది అని మంచినీళ్ళ సీసా ఇవ్వబోయింది. వైదేహి తల అడ్డంగా ఊపి చీరకొంగు మెడ చుట్టూ కప్పుకుంది. ఆ చల్లదనం ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

ఇంటికొచ్చేసరికి ఆదిలక్ష్మి వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూతుర్ని చూసి చేట పక్కన పెట్టలేదు.

"క్రిస్టినా వచ్చివెళ్ళింది. పెళ్ళికి రాలేకపోయానని చీర తెచ్చింది. నీ మంచం మీద పెట్టాను" అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "బాపట్లలో ఎండగా ఉందా?" అంది.

తల్లి అడగడం అక్కడితో ఆపేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

గదిలోకి పోయి తలుపు వేసుకుని డిస్కు పెట్టింది. ఒడ్డు వచ్చింది, లాంతరు వచ్చింది. నెట్‌లో ఆగిపోయేచోట ఇది ఆగలేదు. ఎక్కడో వేరే దేశంలో దొరికిన ఆఖరి ముక్క కలిపారని తెరమీద రాత వచ్చి, సినిమా ఇంకో పది నిమిషాలు నడిచింది. ఏళ్ళు గడిచాయి. పడవవాడి భార్య జుట్టు నెరిసింది. వంటగదిలో పసుపు రంగు దీపం కింద ఒక్కతే అన్నానికి కూర్చోబోతోంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఆమె పరుగెత్తలేదు, ఏడవలేదు, కౌగిలించుకోలేదు. అతన్ని కాసేపు చూసి, గూట్లోంచి రెండో పళ్ళెం తీసి, అంచుకి పట్టిన దుమ్ము కొంగుతో తుడిచి, తన పళ్ళేనికి ఎదురుగా పెట్టింది. అంతే సినిమా.

ఇంకొక్క ముక్క చూపించినా పాడైపోయేదట!

భరద్వాజకి ఫోను చేసి చెప్పింది. అతను మొదట నవ్వాడు. విసనకర్ర సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది. "నేను డిస్కు కూడా అడిగాను వైదేహీ" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ సినిమా ఏమీ పెట్టుకోలేదు. మర్నాడు కూడా పెట్టుకోలేదు.

మళ్ళీ ఆదివారం దాకా ఆమెకి అన్నం సహించలేదు. డిస్కుని కొరియర్లో పంపేద్దామనుకుంది, మొహం చూపించక్కర్లేదని. పెట్టె కట్టి కూడా మళ్ళీ విప్పేసింది. శనివారం తల్లి పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పింది. గోరింటాకు దగ్గర గొంతు ఆగితే, ఆదిలక్ష్మి, అర్థమైందిలే అని ఆ ముక్క దాటించింది. చివరికి ఒక్కటే అడిగింది.

"అల్లుడు వస్తాడా?"

"రాడు. నేనొక్కదాన్నే."

"అయితే వెళ్ళు. ఆవిడకి కొత్తావకాయ పట్టుకెళ్ళు. విసిరి విసిరి ఎంత చెయ్యి నొప్పి పుట్టిందో."

రైల్లో తెనాలి నుంచి బాపట్ల దాకా ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో అన్నీ కూర్చుకుంది. గుమ్మంలో మాస్టారిని చూడగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ రోజు నేను చూళ్ళేదండి" అంది.

"తెలుసమ్మా" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. ఆయన మొహంలో అలసట ఉంది. "నెట్‌లో ఎక్కడ ఆగిపోతుందో మీరూ అక్కడే ఆగిపోయారు. ఆ పది నిమిషాల కోసం నేను ఎన్నేళ్ళు వెతికాననుకున్నావు?"

"మరి డిస్కు ఎందుకిచ్చారండీ?"

"అబ్బాయి నోరు తెరిచి అడిగాడుగా. లేదనలేకపోయాను. మీరు వెళ్ళాక ఎందుకిచ్చానా అని బాధపడ్డాను, అది కూడా చెప్పాలి మరి."

వైదేహి సంచిలోంచి పెట్టె తీసింది. డిస్కు ఆయన చేతికిచ్చి, మీకు అభ్యంతరం లేకపోతే ఇంకోసారి ఇక్కడే చూస్తానని అడిగింది. ఆయన కాసేపు తటపటాయించాడు. దుర్గాంబ లోపలినుంచి వచ్చి, ఆవకాయ సీసా అందుకుని, కిటికీకి దుప్పటి కట్టడం మొదలుపెట్టింది.

ఫ్యాను ఆగింది. దీపం ఆరిపోయింది. వైదేహి తలుపు వెనక మేకుకున్న విసనకర్ర అందుకోబోయింది. దుర్గాంబ దాన్ని ముందే తీసేసుకుంది.

"విసురుతూ సినిమా చూడటం నీకింకా రాదు. ముందు ఊరికే చూడు."

చూసింది. ఈసారి చాప మీద కాకుండా మాస్టారి కుర్చీ పక్కనే నేలమీద కూర్చుని, పుట్టుమచ్చ దగ్గర్నుంచీ చూసింది. ఒడ్డు అయిపోయి, వంటగదిలో పసుపు దీపం వెలిగింది. వెలుగు తక్కువ సీను. మాస్టారు మెడ ముందుకి చాచి, కళ్ళు చిట్లించి, "చూశారా?" అన్నాడు.

అదే మాట, అదే గొంతు. క్రితంసారి కూడా ఆయన సరిగ్గా ఇక్కడే అడిగి ఉంటాడు. పరీక్ష పెట్టడానికి అడిగాడని వైదేహి వారమంతా అనుకుంది. కాదు. ఆయనకి ఆ పళ్ళెం ఇప్పుడు కనపడటం లేదు. అది అక్కడ ఉందో లేదో ఎవరైనా చెబుతారేమోనని అడిగాడు. ఆమె చూడకుండానే అద్భుతమంది.

వైదేహి తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"గూట్లోంచి తీసిందండి. కొంగుతో అంచు తుడుస్తోంది. ఎడమ చేత్తో పెట్టింది. కుడిచెయ్యి బల్లమీద ఆనించింది, వణుకుతోందండి" అంది.

"వణుకుతోందా?" అన్నాడు మాస్టారు. "అది నేనెప్పుడూ గమనించలేదే."

దీపం వేశాక ఆయన డిస్కుని తుడిచి, పెట్టెలో పెట్టి, బీరువాలో దాని చోట పెట్టి తలుపు వేసేశాడు. ఇంకొకటి తీసి ఇవ్వలేదు. వైదేహి అడగలేదు. అడిగే మొహం ఇంకా రాలేదని ఆమెకి తెలుసు. చెప్పులు తొడుక్కుంటుంటే దుర్గాంబ గుమ్మం దాకా వచ్చింది.

"శ్రావణం రాగానే అబ్బాయిని కూడా తీసుకురా అమ్మాయ్" అంది. "నిన్ను ఆ గోడకీ, అతన్ని ఈ గోడకీ కూర్చోబెడతాను. మధ్యలో నేనుంటా."

లోపల బీరువా దగ్గర మాస్టారు నవ్వడం వినిపించింది. వైదేహి తలెత్తకుండానే, అలాగేనండి అని మెట్లు దిగింది. వీధి మలుపు దాకా మెడ వెనక ఎవరో విసురుతున్నట్టే ఉంది.